బావ పేరు మీద

చిక్కడపల్లి, హైదరాబాదు
ఆగస్టు 4

ఆశక్కకు శ్రీలక్ష్మి రాసేది.

నిన్న పొద్దున గదికి చేరాను. పక్క గది బుల్లెమ్మ నాకోసం రెండు బిందెలు నీళ్లు పట్టిపెట్టింది. గదిలో అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆయన చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు వాటిని జరిపి ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టాను.

అశోక్‌నగర్‌లో మూడిళ్లలో పని చేసేదాన్ని కదా. దినాలకని ఊళ్లో ఉండిపోయినందుకు రెండిళ్ల వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. విద్యావతి గారు పెట్టుకోలేదు. "అంట్లు నేనే తోముకున్ననే. వేరేదాన్ని పెడ్తే నువ్వు యాడికి పోతవ్?" అన్నారు. ఎందుకు రాలేదని అడిగారు. ఇంట్లో ఒకరు పోయారని చెప్పాను.

వాళ్లాయన బాలకిషన్ గారికి బషీర్‌బాగ్‌లో ఆఫీసు ఉంది. బయటి దేశాల ఇన్సూరెన్స్ కంపెనీలను, బ్యాంకుల్లాంటి కంపెనీలను మన దేశానికి రండని పిలవడం ఆయన పని. విద్యావతి గారు నవ్వుతారు. "మా ఆయన దేశానికి సంబంధాలు చూస్తడే. పిల్ల బంగారం, ఇల్లు పెద్దది, కరెంటు పోదు, నీళ్లకు తక్లీఫ్ లేదు, ఒక్కసారొచ్చి చూసిపోండ్రి అని చెప్పుడే పని." నారాయణగూడలో నీ మరిది పైనుంచి పడిపోయిన బిల్డింగు అటువంటి ఒక కంపెనీ కోసమేనట. నాకు నిన్ననే తెలిసింది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి వస్తే దాని పైభాగం కనబడుతుంది. పని ఆగలేదు. అద్దాలు పెడుతున్నారు.

ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానని అనుకోవద్దు. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను బావ పేరు మీద ఉంది. దాన్ని బంద్ చేసి పెట్టమని సైటు సూపర్‌వైజర్ ఉదయ్ కుమార్ సారు చెప్పాడు. బావ కొన్నాళ్లు హైదరాబాదు రావద్దట. ఎందుకని ఇప్పుడు అడగవద్దు. కురుమయ్య పెదనాన్న పదిహేను రోజులకోసారి ఊరికి వస్తాడు కదా, ఆయన చేతికి ఇస్తాను. నువ్వు కూడా ఆయన చేతికే ఇవ్వు. ఆయనకు చదువు రాదు.

నేను తింటున్నాను. నిద్ర పడుతున్నది. ఏ బాధా తెలియడం లేదు.

శ్రీలక్ష్మి


గుండ్లకుంట, మహబూబ్‌నగర్ జిల్లా
ఆగస్టు 17

శ్రీలక్ష్మికి ఆశమ్మ రాసేది.

క్షేమం అడగను. నువ్వు క్షేమంగానే ఉన్నావని కురుమయ్య చెప్పాడు.

నుదుట ఎర్ర బొట్టు పెట్టుకుని, రెండు చేతులకూ గాజులు వేసుకుని అశోక్‌నగర్‌లో నువ్వు నడిచిపోతుంటే తన కళ్లతో చూశాడట. ముందు నేను నమ్మలేదు. ఆయన నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఒక్కరికి చెప్తే చాలు కదా, ఊరందరికీ తెలిసింది. బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్లు నా బిందె నిండేదాకా మాట్లాడనే లేదు. నిండి ఎత్తుకున్నాక ఒకామె అన్నది, "ఏంది ఆశమ్మా, నీ యారాలికి పట్నంల మల్ల సంబంధం కుదిరిందా?" అందరూ నవ్వారు. నా తోటికోడలు అటువంటిది కాదని బిందె దించి జవాబు చెప్పాలనుకున్నాను. ఎత్తుకున్నది ఎత్తుకున్నట్టే ఇంటికి వచ్చాను.

నీ గాజులు పగలగొట్టింది ఈ చేతులే. నీ ఎడమ చేతికి గాజు ముక్క గుచ్చుకుంటే నా కొంగుతోనే తుడిచాను. శ్రీను మీద పోసిన మట్టి ఇంకా కుంగలేదు. వాడు నాకు మరిది కాదు, కొడుకే. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి చీమిడి ముక్కుతో తిరిగేవాడు. నేనే స్నానం పోసి బడికి పంపాను. వాడికి ఇంత తొందరగా నీళ్లు వదులుకున్నావా?

మీ బావకు చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఫోను ఎందుకు బంద్ చేయాలి? ఇంటి మగమనిషి ఎందుకు దాక్కోవాలి? దాచేది ఏముందో రాయి. లేకపోతే ఇక రాయవద్దు.

ఆశమ్మ


చిక్కడపల్లి
ఆగస్టు 24

ఆశక్కకు,

నువ్వు తిట్టింది రెండుసార్లు చదివాను. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అడిగావు కాబట్టి అంతా రాస్తున్నాను. చదివాక పొయ్యిలో వేయి.

సైటులోకి పోవాలంటే పాసు ఉండాలి. పాసు ఇచ్చేముందు మిషన్ మీద వేలు పెట్టించుకుంటారు. సిమెంటులో, సున్నంలో నాని ఆయన వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఎన్నిసార్లు పెట్టినా మిషన్ ఒప్పుకోలేదు. బావ నడుము నొప్పితో ఊరికి వచ్చినప్పుడు తన పాసు ఆయనకు ఇచ్చాడు కదా. అన్నదమ్ములది ఒకే ముఖం. గేటు దగ్గర ఫోటో చూసి పంపేవాళ్లు. ఇవన్నీ నీకు తెలుసు. తరువాతిది తెలియదు.

ఆ రోజు దవాఖానాలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. మీరు వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఉదయ్ కుమార్ సారు నన్ను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, కూలోళ్లందరికి ఇన్సూరెన్స్ కట్టినం. బయటిదేశం కంపెనీ అది. లిస్టుల మీ ఆయన పేరు లేదు, మీ బావ పీరయ్య పేరుంది. పీరయ్య పోయిండంటే ఇంటికి పైసలొస్తయి. మీ ఆయన పోయిండంటే, ఎవడో గేటు దుంకి లోపలికొచ్చి పడ్డడని రాస్తరు. దొంగ అయితడు. జల్ది చెప్పు, పోలీసాయన వస్తుండు."

ఆలోచించడానికి సమయం లేదు. ఉన్నా ఆలోచించగలిగేదాన్ని కాదేమో. పోలీసాయన బట్ట తీసి, "ఈయన నీకేమైతడు?" అన్నాడు.

"మా బావ" అన్నాను.

సంతకం పెట్టాను. అక్కా, ఆయన ముఖానికి సిమెంటు అంటుకుని ఉంది. తుడుద్దామని చెయ్యి చాపాను. బావ ముఖం మరదలు తుడుస్తుందా అని తోచింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి నాకు ఏమీ తెలియడం లేదు.

కాబట్టి కాగితంలో పోయింది బావ. నా భర్త బతికే ఉన్నాడు. అందుకే ఉదయ్ కుమార్ సారు నన్ను బొట్టు పెట్టుకోమన్నాడు. పొద్దున అంటిస్తాను, గదికి వచ్చాక తీసి అద్దానికి అంటిస్తాను. మొన్న సర్వేకని పేర్లు రాసుకునేవాళ్లు ఇంటికి వచ్చి మీ ఆయన ఏం చేస్తాడని అడిగారు. సెంట్రింగ్ పని అన్నాను. ఎక్కడున్నాడన్నారు. ఊళ్లో అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

ఇంకొకటి ఉంది. మా బావ పోయాడని విద్యావతి గారికి చెప్పాల్సి వచ్చింది. బాలకిషన్ గారు విని, ఫోన్లు చేసి, కాగితాలు తెప్పించుకున్నారు. ఇన్సూరెన్స్ డబ్బు పదకొండు రోజుల్లో మంజూరైందట. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "పదకొండు రోజులంటే మామూలు మాటనా? ఈ ఒక్క ముచ్చట చెప్తే ఇంకో నాలుగు కంపెనీలొస్తయి" అన్నారు. వచ్చే నెల ఇరవై ఏడున హోటల్లో బయటి దేశాల కంపెనీల వాళ్లకు మీటింగు పెడుతున్నారు. ఆ డబ్బుకు చెక్కు అందరి ముందు నీ చేతికి ఇస్తారట. ఆయనకు అసలు సంగతి తెలియదు. మంచి పని చేస్తున్నాననే అనుకుంటున్నారు.

పీరయ్య భార్యగా నువ్వు రావాలి. ఎలా రావాలో నేను రాయలేను.

శ్రీలక్ష్మి


గుండ్లకుంట
సెప్టెంబరు 12

శ్రీలక్ష్మీ,

నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. బోరింగు దగ్గర ఇప్పుడు నేనే ఎవరితోనూ మాట్లాడడం లేదు.

కానీ నేను రాను. మొగుడు ఇంట్లో తిరుగుతుంటే పుస్తె తీసి, బొట్టు తుడుచుకుని పదిమందిలో నిలబడాలా? మా అమ్మ పుస్తెలతాడు తెగితే పసుపుకొమ్ము కట్టుకునేదాకా మంచినీళ్లు ముట్టేది కాదు. ఆమె కడుపున పుట్టినదాన్ని. నా వల్ల కాదు.

ఇంతవరకు పొద్దున రాశాను. మధ్యాహ్నం మీ బావకు చెప్పాను. నా మాట పూర్తి కానీయలేదు. "పో. వాని పెండ్లానికి అందాల్సింది అందనియ్యి. నాకేమైతది, కాగితమే గదా" అన్నాడు. నేను ఏడిస్తే, "బొట్టు తీస్తే సచ్చేటోడైతే మనిషి ఎప్పుడో సస్తుండె" అన్నాడు. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆయన ఇంత గట్టిగా మాట్లాడింది ఇదే.

వస్తాను. మన ఊరి పొలిమేరలో మాత్రం తీయను. హైదరాబాదులో బస్సు దిగాక నువ్వే తీయి. నా చేత్తో నేను తీసుకోలేను.

వచ్చిన ప్రతి పైసా నీది.

ఆశమ్మ


చిక్కడపల్లి
నవంబరు 2

ఆశక్కకు,

నువ్వు పోయాక వెంటనే రాయాలనుకున్నాను. నెల దాటింది. నువ్వూ రాయలేదు. రెండు రోజులు ఒకే గదిలో ఉన్నాం, వంట సంగతులు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

హోటల్లో నీ చేతికిచ్చిన ఆ అట్టచెక్కు ఇల్లు చేరిందా? తలుపంత అట్ట తీసుకుని బస్సెక్కితే కండక్టర్ ఏమన్నాడో గుర్తుందా? "గిదేంది చెల్లె, ఇంటి దర్వాజా ఊడదీసుకపోతున్నవా? లగేజీ టికెట్ కొట్టాలె." నీకు నవ్వు వచ్చింది. నవ్వి, వెంటనే మెడ తడుముకున్నావు.

నీ బొట్టు తుడిచింది నేనే. నీ గాజులు పగలగొట్టకుండా సబ్బు రాసి తీశాను. నీ మెడలోది తీసి, నువ్వు పోయేదాకా నా ట్రంకుపెట్టెలో పెట్టాను. ఆ తరువాత అద్దం మీది బొట్టు తీసి నేను పెట్టుకున్నాను. ఒకే అద్దం ముందు నిలబడ్డాం. నువ్వు చూడలేదు. నేను చూశాను.

హోటల్లో బాలకిషన్ గారు మైకు ముందు బాగా మాట్లాడారు. ఇక్కడి బీదవాళ్లు కూడా ఇన్సూరెన్స్‌ను నమ్ముతారు, ఇక్కడ కంపెనీ పెడితే మాట నిలబడుతుంది, పదకొండు రోజులు చాలు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. బయటి దేశం నుంచి వచ్చిన కంపెనీ తెల్లజుట్టు మేడం నిన్ను కావలించుకుంది. నువ్వు ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చావు. అందరి కళ్లూ తడిశాయి. విద్యావతి గారు ముక్కు ఎర్రబడేలా ఏడ్చారు. నీ చేతిసంచి పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. నీకు అంత ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. నాకు రాలేదు.

ఆ మేడం నా వైపు చూసి ఏదో అడిగింది. ఆమె మాటలు తెలుగులో చెప్పే ఆ కంపెనీ రచన మేడం, "నీ భర్త కూడా ఇదే పని చేస్తడా?" అన్నది. తల ఊపాను. జాగ్రత్తగా ఉండమని ఆయనకు చెప్పమన్నది. చెప్తానన్నాను.

ఆ ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చేసింది. ఆ బిల్డింగులో తొమ్మిదో అంతస్తు అంతా వాళ్లదే. ఇంకో కంపెనీ కింది అంతస్తు చూసుకుని పోయిందట. బాలకిషన్ గారు మిఠాయి పంచారు. నామీద దయతో నాకు ఆ ఆఫీసులోనే ఊడ్చే పని ఇప్పించారు. విద్యావతి గారు, "ఏసీల పని దొరికింది, ఇగ మా అంట్లు ఎందుకు తోముతవ్ లే" అన్నారు. సాయంత్రం తోముతున్నాను.

అక్కా, ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. లోపలికి పోగానే ఎదురుగా గోడకు బావ ఫోటో పెట్టారు. పాసు మీదిదే, పెద్దది చేయించారు. ఈ బిల్డింగు కట్టినవాడు, మా మొదటి కుటుంబం అని కింద రాశారు. దండ వేశారు. రోజూ పొద్దున ఫోటో అద్దం నేనే తుడుస్తాను. సోమవారం దండ మారుస్తాను.

అసలు డబ్బు ఇంకా నీ ఖాతాలో పడలేదట. కాగితాలన్నీ ఇంకొకసారి చూశాక వేస్తారట.

శ్రీలక్ష్మి


గుండ్లకుంట
నవంబరు 25

శ్రీలక్ష్మికి,

ఫోటో సంగతి మీ బావకు చెప్పలేదు. చెప్పినా ఏమీ అనడేమో. ఇప్పుడు ఆయన ఏదీ కాదనడు.

పోయిన నెల రేషన్ బియ్యానికి పోయాడు. మిషన్ మీద వేలు పెడితే మనిషి లేడని వచ్చింది. డీలర్ ఎంకయ్యకు ముందే తెలుసో ఏమో, నలుగురిలో అన్నాడు, "పీరన్నా, నీకింక బియ్యమెందుకే? ఏడాదికోసారి మేమే పిండం పెడ్తం గదా!" అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వాడట. సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చి లోపల కూర్చున్నాడు. అంతే. పత్తి పగిలి తెల్లగా కనబడుతున్నా చేనుకు రాడు. నేనూ బిడ్డా ఏరుతున్నాం. బడిలో రాసుకునేటప్పుడు తండ్రి ఉన్నాడా అని అడిగితే, ఉన్నాడని చెప్పాలో లేడని చెప్పాలో తెలియక బిడ్డ బయటికి వచ్చి నిలబడిందట. తొమ్మిదేళ్ల పిల్ల.

"లే, గడ్డం గీసుకో" అంటే, "సచ్చినోనికి గడ్డమెందుకు?" అంటాడు. మొదట్లో అది వెక్కిరింపు అనుకున్నాను. కాదు. మనసులోంచే అంటున్నాడు.

హోటల్లో ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగావు. చెప్తాను. జూలైలో మేస్త్రీ పిలిచింది మీ బావను. తొమ్మిదో అంతస్తు బయటి గోడకు కర్రలు కట్టే పని. అంతకు నెల ముందు ఆయన కళ్ల ముందే ఒకతను ఏడో అంతస్తు నుంచి జారి, తాడు దొరికి బతికాడు. ఆ నాటి నుంచి పైకి చూస్తే మీ బావకు కాళ్లు వణుకుతాయి. మగవాడు, ఎవరికి చెప్పుకుంటాడు? నడుము నొప్పి అన్నాడు. నడుముకు ఏమీ లేదు. నాకు తెలుసు. తెలిసీ ఆముదం రాశాను, నలుగురూ చూడాలని. శ్రీను వచ్చి, "అన్నా, నేను పోత తియ్" అంటే, పాసు వాడి చేతిలో పెట్టి పంపాం. వాడికి ఎత్తు అలవాటు లేదని ఇద్దరికీ తెలుసు.

అదీ సంగతి. నువ్వు నీ మొగుణ్ణి బావ అన్నావు. మేము వాణ్ణి పీరయ్యను చేసి పంపాం.

నిన్ను ఏమీ అడగడం లేదు. ఆ డబ్బు పడితే తెచ్చి నీ కొంగులో పోస్తాను. ఆయన ఇలాగే ఉంటే ఇలాగే ఉంటాడు. నువ్వు బతకాలి.

ఆశమ్మ


చిక్కడపల్లి
డిసెంబరు 9

ఆశక్కకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు బియ్యం డబ్బాలో పెట్టాను. నడుము నొప్పి సంగతి చదివాను. దానికి ఏం రాయాలో తెలియడం లేదు. ఎప్పుడైనా తెలిస్తే రాస్తాను.

మొన్న సోమవారం దండ మార్చాలి. పాతది తీశాను, కొత్తది వేయలేదు. రచన మేడం గదికి పోయి తెల్లకాగితం అడిగాను.

"సెలవు కావాలెనా? నోటితోని చెప్పు, చాలు" అన్నది.

"రాస్త మేడం" అన్నాను.

నేల మీద కూర్చుని రాశాను. నాలుగు వాక్యాలు. గోడ మీద ఫోటోలో ఉన్నాయన బతికి ఉన్నాడు. పడిపోయింది ఆయన తమ్ముడు. దవాఖానాలో నేను అబద్ధం చెప్పి సంతకం పెట్టాను. పోయినాయన నా భర్త. అక్కడ పేరు రాయాలి. నీకు తెలుసు కదా, పెళ్లయిన రోజు గడప దగ్గర మీరందరూ ఆపి పేరు చెప్పు చెప్పు అన్నా నేను చెప్పలేదు. ఆ తరువాతా ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు రాశాను.

రచన మేడం చదివి లేచి తలుపు వేసింది. "దీంతోని ఏమైతదో నీకు ఎరుకనా? పైసలు రావు. మీ మీద కేసు కూడా కావొచ్చు. ఈ పని పోతది."

"అయితది మేడం."

"మరి గిప్పుడెందుకు?"

"మా బావ ఇంట్లకెళ్లి బయటికొస్తలేడు మేడం" అన్నాను.

ఆమె కాగితం మళ్లీ చూసింది. "శ్రీను" అని పైకి చదివింది. ఇంకొకసారి, "శ్రీను. సెంట్రింగ్ పని" అన్నది. ఆ ఆఫీసులో ఆయన పేరు ఎవరైనా పలకడం అదే మొదలు. నా కాళ్ల కింది నేల చల్లగా తగిలింది. చాలా రోజులకు ఏదో తగిలినట్టు తెలిసింది. అంతే. ఏడుపు రాలేదు.

సాయంత్రం బాలకిషన్ గారు సోఫాలో తల పట్టుకుని కూర్చున్నారు. "నా ముఖం యాడ పెట్టుకోవాలె? ఈ పదకొండు రోజుల ముచ్చట పుస్తకంల అచ్చయి లండన్ దాకా పోయింది" అన్నారు. విద్యావతి గారు ఆయన మీద విరుచుకుపడ్డారు. "మీ పుస్తకం పాడుగాను! నాలుగు నెల్లు ఈ పిల్ల మొగుడు సచ్చిన దుఃఖం మింగి మనింట్ల బొట్టు పెట్టుకొని అంట్లు తోమింది. ముందు ఆ ముచ్చట చూడుండ్రి." తరువాత నా వైపు తిరిగి, "నాకన్నా చెప్పొద్దా పిల్లా?" అన్నారు. నేను గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.

కంపెనీ మాత్రం పోవడం లేదట. బిల్డింగు తొమ్మిదేళ్లకు కిరాయి రాసుకున్నారు. మిగతా కంపెనీలు కూడా వస్తున్నాయట. ఉదయ్ కుమార్ సారు సైటు మారాడు. నన్ను పనిలోంచి తీసేశారు. రచన మేడం నా కాగితం పైవాళ్లకు పంపింది. పాసు లేని మనిషిని పనికి ఎక్కించింది ఎవరో విచారిస్తామన్నారట. ఏం వస్తుందో, ఏం రాదో చెప్పలేమన్నది. ఆశ పెట్టుకోలేదు. నువ్వూ పెట్టుకోవద్దు. కేసు అయితే నా సంతకం వరకు నేను చెప్పుకుంటాను.

ఇప్పుడు ఒక పని మిగిలింది. ముందు బావ స్వయంగా కంపెనీ ఆఫీసుకు వచ్చి, తాను బతికి ఉన్నానని సంతకం పెట్టాలి. ఆ తరువాత తమ్ముడు పోయాడని ఇంకో కాగితం మీద సంతకం పెట్టాలి. రెండూ ఒకే రోజు చేస్తారట. వేరే ఎవరు చెప్పినా చెల్లదు.

ఈ నెల పదహారు, మంగళవారం. గడ్డం గీసుకుని రమ్మను. ఆఫీసు తొమ్మిదో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది, లోపలి నుంచి బయటికి ఏమీ కనబడదు. నేను గేటు దగ్గర ఉంటాను, పైదాకా వెంట వస్తాను. ఆయనతో ఈ మాట తప్పకుండా చెప్పు.

శ్రీలక్ష్మి